నవ్వుతోంది కదా అని కితకితలు ఆపకపోతే ఎలా?

సందెగాలి
మా తమ్ముడికి పిల్లలంటే ప్రాణం. వాడొచ్చాడంటే ముగ్గురూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తారు. చెప్పులు విప్పకముందే మా బాబు (తొమ్మిదేళ్ళు), పాప (అయిదేళ్ళు) వాడి మీద పడిపోతారు. ఇక మంచం మీద కితకితల యుద్ధం. దిండ్లు ఒక మూల, దుప్పట్లు ఒక మూల. ఇన్నాళ్ళూ నాకూ చూడముచ్చటగానే ఉండేది.

మొన్న ఆదివారం పాపను పడేసి డొక్కల్లో వేళ్ళు ఆడిస్తున్నాడు. అది పకపకా నవ్వుతోంది. మధ్యమధ్యలో "వద్దు మామా, వద్దు మామా" అంటోంది. అంటూనే నవ్వుతోంది. వాడు ఇంకా పెడుతున్నాడు. పక్క గదిలోంచి వింటున్న నాకు ఎక్కడో ఆ నవ్వు గొంతు మారినట్టు అనిపించింది. వెళ్ళేసరికి నవ్వు కాస్తా ఏడుపైంది, పక్క తడిపేసింది. ఆ సిగ్గుతో ఇంకా ఏడ్చింది. ఇప్పుడు మామ వస్తున్నాడంటే చాలు, తలుపు వెనక నక్కుతోంది.

తమ్ముడితో అంటే పాపం వాడు నిజంగానే నొచ్చుకున్నాడు. "నవ్వుతోంది కదక్కా, ఇబ్బందైతే నవ్వుతుందా?" అన్నాడు. మా అమ్మేమో "మిమ్మల్నీ మీ బాబాయి ఇలాగే ఆడించేవాడు, అరిగిపోయారా?" అంటోంది. నాకు సమాధానం తోచలేదు. నవ్వే పిల్ల లోపల ఇబ్బంది పడుతోందో లేదో ఎలా తెలుస్తుంది? ఈ ఆటే మాన్పించేయాలా? మాన్పిస్తే మా బాబు ఊరుకోడు. వాడికి మామ వచ్చిన రోజే పండగ.

గోరింక
మాన్పించకండి. ఆపడం నేర్పించండి, చాలు.

వేపపుల్ల
నాకైతే మీరు కొంచెం ఎక్కువ ఆలోచిస్తున్నారేమో అనిపిస్తోంది. ఒక్కసారి పక్క తడిపింది, నాలుగు రోజులు పోతే అదే మర్చిపోతుంది. మా అన్నదమ్ములం అయిదుగురం. పడుకునే ముందు కితకితలు లేని రాత్రి లేదు. ఇప్పటికీ ఎక్కడ కలిసినా ఒకడి నడుం ఇంకొకడు గిల్లకుండా ఉండం. ముట్టుకుని ఆడుకునే చనువు ఇళ్ళల్లో ఇప్పటికే తగ్గిపోయింది. ఉన్న ఒక్క మామయ్యనీ భయపెట్టి దూరం చేసుకోకండి. ఇది మనసులోంచి చెప్తున్నాను.

పిచ్చుకగూడు
వేపపుల్ల గారూ, మీరు అయిదుగురూ ఇంచుమించు ఒక ఈడువాళ్ళై ఉంటారు. వాడు పెడితే మీరూ పెట్టగలరు. నేను ముగ్గురు అన్నల తరవాత పుట్టిన ఆఖరిదాన్ని. ఒకడు చేతులు పట్టుకునేవాడు, ఒకడు కాళ్ళు పట్టుకునేవాడు, మూడోవాడు కితకితలు పెట్టేవాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏమిటో నాకు ఏడేళ్ళకే తెలుసు.

అన్నిటికన్నా బాధ ఏమిటంటే, నా ముఖం నవ్వుతూ ఉండేది. ఊపిరి అందేది కాదు, కడుపు పట్టేసేది, లోపల ఏడుస్తూ ఉండేదాన్ని, పైకి మాత్రం నవ్వు. అమ్మకు చెప్తే "ఇందాక నువ్వే కదే పడీపడీ నవ్వావు" అనేది. నా ఒళ్ళే నా మీద అబద్ధపు సాక్ష్యం చెప్పినట్టుండేది. మా అన్నలు చెడ్డవాళ్ళు కారు, నేనంటే ఇప్పటికీ ప్రాణం పెడతారు. కానీ వెనక నుంచి ఎవరైనా నడుం మీద చెయ్యి వేస్తే ఈ వయసులో కూడా నా మోచెయ్యి దానంతటదే లేస్తుంది.

సందెగాలి గారూ, గొంతు మారిందని మీకు వినిపించింది చూశారా, దాన్ని నమ్మండి.

మూడోబెంచీ
పిచ్చుకగూడు గారి మోచేతికి ఎవరూ అందకూడదని కోరుకుంటున్నాను.

లెక్కలమాస్టారు
"ఇబ్బందైతే నవ్వుతుందా?" అని మీ తమ్ముడు అడిగింది మంచి ప్రశ్న. దీన్ని పెద్ద పెద్దవాళ్ళే పట్టుకుని వేళ్ళాడారు.

క్లారెన్స్ లూబా అని ఒక అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. పిల్లలు కితకితలకు నవ్వేది చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతుంటే చూసి నేర్చుకునా, లేక పుట్టుకతోనే అలా వస్తుందా అని సొంత బిడ్డ మీదే పరీక్ష పెట్టాడు. పసివాడికి కితకితలు పెట్టేటప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వకూడదు. తను పెట్టేటప్పుడు ముఖానికి అట్టముక్క అడ్డం పెట్టుకునేవాడు, ముఖంలో ఏ భావమూ కనపడకుండా. అయినా ఏడో నెల వచ్చేసరికి బాబు నవ్వడం మొదలెట్టాడు. తరవాత పుట్టిన పాపతోనూ అదే తంతు, అదే ఫలితం. 1941లో ఇదంతా రాసి ప్రచురించాడు.

1999లో క్రిస్టీన్ హారిస్, నికొలాస్ క్రిస్టెన్‌ఫెల్డ్ ఇంకో పరీక్ష చేశారు. మనుషుల కళ్ళకు గంతలు కట్టి, ఒకసారి మనిషి, ఒకసారి యంత్రం మీ అరికాలికి కితకితలు పెడతాయని చెప్పారు. నిజానికి ఆ యంత్రం ఉత్తుత్తిది, రెండుసార్లూ పెట్టింది దాక్కున్న మనిషే. యంత్రం పెడుతోందని నమ్మినప్పుడు కూడా జనం అంతే నవ్వారు. అంటే ఎదుటివాడి మీద ప్రేమ ఉండి నవ్వాలనేం లేదు. తుమ్ము ఎలాగో ఈ నవ్వూ అలాగే, ఒంట్లోంచి తన్నుకొస్తుంది. తుమ్మినవాణ్ణి "భలే సంతోషంగా ఉన్నావే" అని అనం కదా.

కాబట్టి మీ తమ్ముడికి జవాబు: అవును, ఇబ్బందైనా నవ్వుతుంది.

మూడోబెంచీ
నాన్న ముఖానికి అట్టముక్క, ఇంట్లో ఒక్కరూ నవ్వకూడదు. ఆ పిల్లాడు ఇంత కట్టడిలోనూ నవ్వాడంటే వాడికి నా దండం.

తీగమల్లి
@లెక్కలమాస్టారు అయితే మనకి మనం పెట్టుకుంటే ఎందుకు రాదు? నా చంకలో నా వేళ్ళు పెట్టుకుంటే ఏమీ అనిపించదు. మా చెల్లి దూరం నుంచి వేళ్ళు ఆడించినా చాలు, చచ్చిపోతాను.

లెక్కలమాస్టారు
చిన్న మెదడు చేసే పని అది. చెయ్యి కదపమని ఆజ్ఞ వెళ్ళేటప్పుడే "ఇదిగో, ఇక్కడ తగలబోతోంది" అని లోపల ముందస్తు కబురు వెళ్ళిపోతుంది. తగిలేసరికి అది పాత వార్త, అందుకని మెదడు దాన్ని తగ్గించేస్తుంది. 1998లో సారా జేన్ బ్లేక్‌మోర్, డేనియల్ వోల్‌పర్ట్, క్రిస్ ఫ్రిత్ మెదడు స్కాన్‌లో ఇది చూపించారు. ఆ మరుసటి ఏడాది చేసింది ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఒక చేత్తో మనం మీట కదిపితే మరమనిషి చెయ్యి రెండో అరచేతిని నిమురుతుంది. మన కదలికకీ దాని స్పర్శకీ మధ్య సెకనులో అయిదో వంతు ఆలస్యం పెట్టారు. అంతే, సొంత స్పర్శకే గిలి పుట్టింది.

మీ చెల్లి విషయం దీనికి తిరగేసిన బొమ్మ. ఎక్కడ, ఎప్పుడు తగులుతుందో మీకు తెలీదు. ఆ తెలియకపోవడమే సగం కితకిత.

అత్తిపత్తి
నా పేరు చూస్తేనే నా సంగతి తెలిసిపోతుంది. కొలతలకని దర్జీ టేపు పెట్టినా ముడుచుకుపోతాను. డాక్టరు పొట్ట నొక్కి చూడాలంటే ఆవిడా నేనూ ఇద్దరం నవ్వు ఆపుకోలేక పోతాం.

నర్సక్క
@అత్తిపత్తి దానికి చిట్కా ఉంది. పొట్ట పరీక్ష చేసేటప్పుడు పేషెంటు చేతినే వాళ్ళ పొట్ట మీద పెట్టించి, దాని మీద మన చెయ్యి వేసి నొక్కుతారు. చిన్నపిల్లల దగ్గర ఇది బాగా పనిచేస్తుంది. ఇందాక మాస్టారు చెప్పిన కారణమే, సొంత చెయ్యి కూడా ఉంది కాబట్టి మెదడు ఉలిక్కిపడదు. ఈసారి మీరే అడగండి, "నా చెయ్యి పెట్టుకోనా" అని.

సందెగాలి గారి పోస్టు మీద కూడా ఒక మాట. గట్టిగా నవ్వేటప్పుడు ఒంట్లో పట్టు సడలిపోతుంది. "నవ్వలేక కింద కూలబడ్డాను" అంటాం చూడండి, అది ఉత్త మాట కాదు. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది, నవ్వుతున్నప్పుడు కండరాల రిఫ్లెక్స్ బలహీనపడుతుందని కొలిచి చూపించారు. పైగా నవ్వంటే ఊపిరి బయటికి కొట్టుకుంటూ పోవడమే, లోపలికి పీల్చుకోడానికి సందు ఉండదు. అంటే అయిదేళ్ళ పాప ఆ నిమిషంలో తొయ్యలేకపోతుంది, గట్టిగా అరవలేకపోతుంది, పూర్తి వాక్యం చెప్పలేకపోతుంది. "అంత ఇష్టం లేకపోతే తోసేసేది కదా" అనే పెద్దలకు ఇది తెలియాలి. పక్క తడపడం కూడా ఈ కోవలోదే. అందులో పాప తప్పు ఇసుమంత లేదు, ఆ మాట పాపకు చెప్పండి ముందు. ఉబ్బసం ఉన్న పిల్లలైతే ఈ ఆట ఇంకా జాగ్రత్తగా ఆడాలి.

సందెగాలి
నర్సక్క గారూ, చదువుతుంటే కళ్ళు తిరిగాయి. ఆ రోజు నేను పక్క మారుస్తూ "ఇంత పెద్దదానివయ్యావు" అన్నాను. ఇప్పుడే వెళ్ళి దగ్గరికి తీసుకుని చెప్పొచ్చాను, నీ తప్పు కాదు, నవ్వెక్కువైతే ఎవరికైనా అవుతుందని. "మామకి కూడా అవుతుందా?" అని అడిగింది. అవుతుందన్నాను. చాలా తేలికపడింది.

మూడోబెంచీ
మామ పరువు ఒక్క మాటతో పోయింది. కానీ మంచి పనికే పోయింది.

చిలకపచ్చ
కితకితల మాటెత్తి ఎలుకల సంగతి చెప్పకపోతే ఎలా? యాక్ పాంక్‌సెప్ అనే ఆయన 1990ల చివర్లో ల్యాబ్ ఎలుకలకు వేళ్ళతో కితకితలు పెట్టి చూశాడు. అవి 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచమంటాయి. మన చెవికి అందదు, దానికి వేరే పరికరం కావాలి. ఆటలో ఉన్నప్పుడు చేసే శబ్దమే అది.

2016లో బెర్లిన్‌లో షింపే ఇషియామా, మైకేల్ బ్రెక్ట్ చేసింది ఇంకా బాగుంటుంది. చెయ్యి తీసేస్తే ఎలుకలు ఆ చేతి వెంట పరిగెత్తుకొచ్చాయి, మళ్ళీ పెట్టమని. ఆనందం పట్టలేక గెంతులు వేశాయి. అవే ఎలుకల్ని ఎత్తైన పీట మీద, కళ్ళు చెదిరే వెలుతురులో నిలబెట్టి అవే కితకితలు పెడితే, కిచకిచలు పడిపోయాయి. చెయ్యి అదే, కితకిత అదే. భయం ఉంటే ఆట లేదు.

తలుపు వెనక నక్కిన పాప గురించి చదవగానే నాకు ఆ ఎత్తైన పీట గుర్తొచ్చింది.

వేపపుల్ల
ఎలుకలు వెంటపడి మళ్ళీ పెట్టించుకున్నాయి కదా, నేను చెప్పేదీ అదే. పిల్లలు కూడా అంతే. మా అమ్మాయి "వద్దు వద్దు" అంటుంది. ఆపితే "మళ్ళీ పెట్టు నాన్నా" అంటుంది. పెడితే మళ్ళీ "వద్దు". ఆ వద్దు ఆటలో భాగం. ప్రతి వద్దుకీ ఆపేస్తే ఆట ఎక్కడుంటుంది? అది అడుగుతున్నాను, వాదనకి కాదు.

నిదానం
వేపపుల్ల గారు అడిగినదాంట్లో న్యాయం ఉంది. నాకు ఇద్దరు మనవలు, ఒక మనవరాలు. నేను చూసింది చెప్తాను.

కితకితల ఆటలో అసలు రుచి వేళ్ళు తగలడంలో లేదు. తగలబోయే ముందు ఉంటుంది. నేను కుర్చీలోంచి లేవను. చెయ్యి గాల్లోకి లేపి వేళ్ళు ఆడిస్తూ, "వస్తోంది... వస్తోంది... ఎవరి కోసం వస్తోంది..." అంటాను. ఇంకా రెండు గజాల దూరం ఉంటుంది చెయ్యి, అప్పటికే ముగ్గురూ మెడలు భుజాల్లోకి లాక్కుని కేకలు. ఒకడు పారిపోతాడు, మళ్ళీ వాడే మెల్లిగా దగ్గరికి వస్తాడు, పట్టుబడాలని. ఒక్కసారి మెడ కింద తాకి తీసేస్తాను. అంతే. మళ్ళీ చెయ్యి గాల్లోకి. ఇలా అరగంట ఆడినా మొత్తం మీద వాళ్ళను తాకింది ఒక నిమిషం ఉండదు.

చెయ్యి తీశాక నేను మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటాను. ఆ మూడంకెల్లో పిల్ల చెప్పేస్తుంది. నా చెయ్యి పట్టుకుని తన వైపు లాగితే, పొట్ట ముందుకు పెట్టి చూస్తే, పారిపోయి వెనక్కి తిరిగి చూస్తే, ఇంకా కావాలి. ముఖం తిప్పేసుకుంటే, మోకాళ్ళు ముడుచుకుని పక్కకు ఒరిగితే, ఊపిరి తీసుకుంటూ మాట్లాడకుండా ఉంటే, అయిపోయింది. నోటితో ఏమన్నా సరే. అందుకని "వద్దు" అనే మాట ఆటలోదా, నిజందా అని నేను బుర్ర బద్దలు కొట్టుకోను. ప్రతిసారీ చెయ్యి తీస్తాను. కావాలంటే వాళ్ళే వస్తారు. చెయ్యి తీస్తే ఆట పోదు వేపపుల్ల గారూ, ఇంకా పెరుగుతుంది.

మాటలు రాని పసివాళ్ళ దగ్గరైతే ఈ మూడంకెలే దిక్కు.

వేపపుల్ల
ఇది ఒప్పుకుంటున్నాను. రాత్రి చేసి చూస్తాను.

ఉడుత
మా ఇంట్లో దీనికి వేరే మాట పెట్టుకున్నాం. "వద్దు", "చాలు", "బాబోయ్" అన్నీ ఆటలో చెల్లుతాయి, ఎంతైనా అరవొచ్చు. కానీ "తాబేలు" అంటే అందరి చేతులూ పైకి లేవాలి. ఎవరన్నా సరే, నాన్న అయినా సరే. మాట పిల్లలే ఎన్నుకున్నారు కాబట్టి మర్చిపోరు. నవ్వులో కూడా నోటికి అందే చిన్న మాటైతే మంచిది.

మా చిన్నోడు ఓడిపోయే ముందల్లా "తాబేలు" అని తప్పించుకుని, మనం చేతులెత్తగానే మన మీద పడతాడు. దాని మీద ఇంట్లో ఇప్పటికి మూడు పంచాయితీలు అయ్యాయి.

మూడోబెంచీ
మీ చిన్నోడికి నా ఓటు.

పిచ్చుకగూడు
ఉడుత గారూ, మీ ఇంట్లో పుట్టి ఉంటే బాగుండేదనిపించింది ఒక్క క్షణం.

చివరిబండి
పెద్దవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. చదువుకునే రోజుల్లో మా గదిలో నలుగురం. నిద్రపోయేవాడి అరికాలికి పెన్ను మూత పెట్టి గీరడం మా వినోదం. ఒకరోజు పై బంకు మీద ఉన్నవాడికి పెట్టాం. వాడు నిద్రలోనే కాలు ఝాడించాడు, పెట్టినవాడి కళ్ళజోడు పగిలింది, కనుబొమ్మ చీరుకుంది, పైవాడు కింద పడబోయి ఆగాడు. ఇద్దరిలో ఎవరిదీ కోపం కాదు, కాలు దానంతటది లేచింది. అప్పట్నుంచి మాకు మేమే నియమం పెట్టుకున్నాం. మెట్ల దగ్గర వద్దు, మంచం అంచున వద్దు, నిద్రలో వద్దు, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాకే. అన్నం తిన్న వెంటనే అసలే వద్దు, కారణం అడగకండి.

అత్తిపత్తి
పెద్దవాళ్ళంటే గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో మా ఆయనకి నా బలహీనత తెలిసిపోయింది. నేను అలిగితే చాలు, డొక్కలో వేలు. నవ్వొచ్చేస్తుంది. నవ్వగానే "అలక తీరిందోచ్" అంటాడు. తీరేది కాదు! చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయేది, పైగా నవ్వినందుకు నా మీద నాకే కోపం. ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాను, సరదాగా ఉన్నప్పుడు ఎంతైనా ఆడు, కోపంలో ఉన్నప్పుడు మాత్రం నన్ను ముట్టుకుని నవ్వించొద్దు, నా కోపం నన్ను పూర్తి చెయ్యనీ అని. పాపం తెల్లబోయాడు. తను మంచే చేస్తున్నాననుకున్నాడు. ఆ తరవాత ఒక్కసారి కూడా చెయ్యలేదు. మిగతా రోజుల్లో మాత్రం యుద్ధమే. ఆయనకి మోకాలి వెనక ఉంది, అది నేను కనిపెట్టాను.

తీగమల్లి
అత్తిపత్తి గారు చెప్పింది నాకు బాగా తగిలింది. సరసం విరసం అయ్యే చోటు అదే.

డార్విన్ కూడా దీని మీద రాశాడని మాకు క్లాసులో చెప్పారు. 1872 నాటి పుస్తకం, మనుషుల్లో జంతువుల్లో భావాలు ఎలా బయటపడతాయని. కితకితలకు నవ్వు రావాలంటే మనసు ఆహ్లాదంగా ఉండాలంటాడు. ముక్కూముఖం తెలియని మనిషి పెడితే చిన్నపిల్ల నవ్వదు, భయంతో కేకలు పెడుతుందంటాడు.

చిలకపచ్చ
అంతకుముందు అరిస్టాటిల్ అయితే జంతువుల్లో మనిషికి ఒక్కడికే కితకితలు పుడతాయన్నాడు, చర్మం పలచన కాబట్టి, నవ్వేది మనిషే కాబట్టి. ఎలుకలు ఆయన మాట నిలబెట్టలేదు. 2009లో ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, బొనోబో పిల్లలకు కితకితలు పెట్టి ఆ శబ్దాలు రికార్డు చేసి మనిషి పిల్లల నవ్వుతో పోల్చి చూశారు. మనకు ఎంత దగ్గర చుట్టమైతే నవ్వు అంత దగ్గరగా ఉంది. అంటే మీ మంచం మీద జరిగే ఈ గొడవ మనుషుల కన్నా పాతది.

సీతాకోక
నాకు కితకితలే లేవు. ఎవరు ఎక్కడ పెట్టినా రాయిలా ఉంటాను. నాలో ఏమైనా లోపమా?

నర్సక్క
@సీతాకోక లోపం కాదు. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, వయసు పెరిగే కొద్దీ తగ్గడం కూడా మామూలే. చీమ పాకినప్పుడు వచ్చే గిలి వేరు, డొక్కలో పొడిస్తే వచ్చే నవ్వు వేరు. మొదటిది ఉందంటే స్పర్శ బాగానే ఉన్నట్టు.

లెక్కలమాస్టారు
నర్సక్క గారు చెప్పిన ఆ రెండింటికీ 1897లోనే స్టాన్లీ హాల్, ఆర్థర్ ఆలిన్ రెండు పేర్లు పెట్టారు, నిస్మెసిస్, గార్గలెసిస్ అని. మన గిలి, కితకిత ముందు ఆ పేర్లు నోరు తిరగవు. కితకిత అంటుంటేనే వేళ్ళు కదిలినట్టుంటుంది.

వేపపుల్ల
నిదానం గారూ, రాత్రి చేశాను. చెయ్యి తీసి మూడు లెక్కపెట్టాను. మొదటిసారి అమ్మాయి ఆగి నా ముఖంలోకి చూసింది, ఏమైంది నాన్నా అన్నట్టు. రెండోసారి నా చెయ్యి పట్టుకుని మెడ కిందికి లాక్కుంది. మూడోసారి పొట్ట మీద పెట్టబోతే ముడుచుకుంది. ఆపాను. "అక్కడ నాకు నొప్పి వస్తుంది నాన్నా" అంది. ఏడాదిగా పొట్ట మీదే పెడుతున్నాను నేను. నవ్వేది, అందుకే పెట్టేవాణ్ణి. పిచ్చుకగూడు గారూ, మీ పోస్టు మళ్ళీ చదివాను.

పిచ్చుకగూడు
మీ అమ్మాయి మీకు చెప్పగలిగింది. అది మీ దగ్గర ఉన్న చనువే.

గోరింక
సందెగాలి గారూ, మామ సంగతి ఏమైంది?

సందెగాలి
తమ్ముడికి ఇదంతా చదివి వినిపించాను. పిచ్చుకగూడు గారిది విన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లిగా అన్నాడు, బాబాయి పెట్టేటప్పుడు తనకీ ఊపిరి ఆడేది కాదట, కానీ మగపిల్లాడు ఏడవకూడదని ఊరుకున్నాడట. నాకు ఇన్నేళ్ళూ తెలీదు. అమ్మ పక్కనే ఉండి విన్నది. ఏమీ అనలేదు, లేచి వెళ్ళి వాడి తల నిమిరింది.

నిన్న వచ్చాడు. పాప మామూలుగానే తలుపు వెనక. వాడు దగ్గరికి వెళ్ళలేదు. నేల మీద దూరంగా కూర్చుని, "ఆ రోజు నువ్వు వద్దన్నా నేను వినలేదు, తప్పు నాదే" అన్నాడు. ఇక నుంచి ఆపడానికి ఒక మాట కావాలి, నువ్వే చెప్పు అన్నాడు. చాలాసేపు ఆలోచించి తలుపు వెనక నుంచే "గుడ్లగూబ" అంది. బాబుకి నచ్చలేదు, డైనోసార్ కావాలన్నాడు. గుడ్లగూబే ఖాయమైంది.

తరవాత ఇరవై నిమిషాలు ఆట అనేదే లేదు. వాడు వేలు దగ్గరికి తేవడం, అది "గుడ్లగూబ" అనడం, వాడు చేతులెత్తడం. మళ్ళీ తేవడం, మళ్ళీ గుడ్లగూబ. నిజంగా ఆగుతాడా అని చూస్తోంది. పదిహేను సార్లైనా అయి ఉంటుంది. వాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పదహారోసారి ఆ మాట అనలేదు. నవ్వింది. నిదానం గారు చెప్పినట్టు మెడ కింద ఒక్కసారి తాకి చెయ్యి తీసేశాడు. అది వచ్చి ఒళ్ళో కూర్చుంది.

నిదానం
పదిహేను సార్లూ చేతులెత్తాడు చూడండి, అక్కడ గెలిచాడు మీ తమ్ముడు.

మూడోబెంచీ
ఇంతకీ మామకి ఎక్కడ? అది చెప్పకుండా వెళ్ళొద్దు.

సందెగాలి
అరికాళ్ళు. ఇద్దరూ చెరో కాలు పట్టుకుని సాక్సులు లాగేశారు. రెండు నిమిషాల్లో మంచం మీద నుంచి కిందికి జారి "గుడ్లగూబ! గుడ్లగూబ!" అని అరిచాడు. పాప టక్కున రెండు చేతులూ పైకెత్తేసింది. బాబు ఆపలేదు. అది వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, "మామ చెప్పాడు కదా అన్నయ్యా, ఆపాలి" అంది.